మేరమ్మను అత్తారింట్లో దిగబెట్టి వచ్చాను

ఈ ప్రయాణం ఒక పాత ట్రంకుపెట్టె దగ్గర మొదలైంది. పోయిన నెల మా తమ్ముడి మనవరాలు సెలవులకు కాజీపేట వచ్చి, నా పెట్టెలో చీరల అడుగున ఉన్న గుడ్డబొమ్మను బయటికి లాగింది. జానెడు బొమ్మ. నల్లదారంతో కుట్టిన కళ్లు, ఎర్రదారంతో కుట్టిన నోరు, ఒంటి మీద వెలిసిపోయిన జరీ పేలిక. చంక దగ్గర కుట్టు విడిపోయి దూది బయటికి వస్తోంది. "ఇది నాకిస్తావా నానమ్మా?" అని అడిగింది. ఆలోచించకుండానే నా నోట్లోంచి మాట వచ్చేసింది. "అది మనది కాదమ్మా. దానికి పెళ్లయిపోయింది." పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. డెబ్బై ఆరేళ్ల రిటైర్డు టీచరమ్మ బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఏడ్చిందంటే మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

బొమ్మ పేరు మేరమ్మ. దాని అత్తారిల్లు సికింద్రాబాద్. నా చిన్నతనంలో మేము అక్కడ రెజిమెంటల్ బజారులో ఒక సందులో ఉండేవాళ్లం. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఆదివారం చర్చికి వెళ్లడం, మిగతా ఆరు రోజులూ సందులో ఆడటం, ఇదే నా బతుకు. ఎదురింట్లో దూదేకే ఖాసిం కాక ఉండేవాడు. వాళ్లమ్మాయి మౌలాబీది నా ఈడే. ఖాసిం కాక పొద్దున్నే రేకుల కొట్టంలో కూర్చుని విల్లు మీటితే సందంతా టంగుటంగుమని మోగేది. పాత పరుపుల్లో గడ్డకట్టిన దూది ఆ తీగ తగలగానే తేలికై గాల్లోకి లేచేది. మేమిద్దరం ఆ దూదిలో దొర్లి, తెల్లగా అయిపోయి, మా అమ్మ చేత తిట్లు తిని, మళ్లీ దొర్లేవాళ్లం. కొట్టం అరుగు మీద కచ్చకాయలు ఆడేవాళ్లం. బయోస్కోపు పెట్టెవాడు వస్తే ఒకే పైసా ఇచ్చి చెరో కన్ను పెట్టి చూసేవాళ్లం. రెండు పైసలుంటే దోసెడు పుట్నాలు, ఇంకో పైసా దొరికితే నువ్వుల జీడి. జీడి దవడకు అతుక్కుని గంటసేపు మాట రానిచ్చేది కాదు. ఆ గంటా మా అమ్మకు హాయి.

ఆ వేసవి సెలవుల్లో బొమ్మల పెళ్లి చేశాం. బొమ్మలు రెండింటినీ మౌలాబీ వాళ్లమ్మే కుట్టి, ఖాసిం కాక ఏకిన దూదితో నింపింది. పిల్ల నాది, మేరమ్మ. పిల్లవాడు మౌలాబీది, బాబ్జాన్. మా తమ్ముడే పాస్టరు, తలకు తువ్వాలు చుట్టుకుంటే వాడే ఖాజీ. బ్యాండు కావాలని మేం గోల చేస్తే ఖాసిం కాక పని ఆపి ఉత్త విల్లు మీటాడు. పెళ్లి భోజనం పుట్నాలు, బెల్లం. మేరమ్మ అత్తారింటికి వెళ్లింది. మౌలాబీ, నేను ఒకరినొకరు వియ్యపురాలా అని పిలుచుకునేవాళ్లం. పెళ్లయిన పిల్ల ఒకసారి పుట్టింటికి వచ్చి, సారెతో మళ్లీ అత్తింటికి పోవాలి కదా. ఆ ఆట దసరా సెలవులకని దాచుకున్నాం.

దసరాకు ముందే నిజాం మీద పోలీస్ యాక్షన్ వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడాది మొదట్లో మా సందులో కొన్ని ఇళ్లవాళ్లు రజాకార్లకు భయపడి తలుపులు వేసుకున్నారు. మిలిటరీ బండ్లు ఊళ్లోకి వచ్చాక ఆ తలుపులు తెరుచుకుని, వేరే ఇళ్ల తలుపులు మూతపడ్డాయి. ఖాసిం కాక తమ్ముడి కుటుంబం ఏదో పల్లె నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని పారిపోయి వచ్చి వాళ్లింట్లో దిగింది. కొత్త మనుషులెవరో వచ్చారని, ఆ ఇంటితో రాకపోకలు ఉన్నవాళ్లను కూడా పోలీసులు పిలిచి అడుగుతారని సందులో పుకారు లేచింది. మా నాన్నకు ఉద్యోగ భయం, మా అమ్మకు అన్ని భయాలూ. ఒక సాయంత్రం అమ్మ నన్ను పిలిచి, "వాళ్ల జల్లెడ మనింట్లో ఉంది, ఇచ్చెయ్. మన వస్తువులు వాళ్లింట్లో ఏమున్నా తెచ్చెయ్. ఇంక కొన్నాళ్లు ఆ గడప తొక్కకు" అంది.

ఆ జల్లెడ గురించి చెప్పాలి. అది వాళ్లదే, కానీ రెండిళ్లదీ. పిండి ఎవరింట్లో జల్లిస్తే వాళ్లింట్లో ఉండేది. ఏనాడూ ఎవరూ తిరిగి ఇచ్చింది లేదు. కావలసినవాళ్లు వచ్చి పట్టుకుపోయేవాళ్లు. ఆ రోజు అమ్మ దాన్ని శుభ్రంగా కడిగి, తుడిచి నా చేతికిచ్చింది. నేను పట్టుకెళ్లి మౌలాబీకి ఇచ్చాను. తను జల్లెడను కాసేపు చూసింది. మా అమ్మాయిని తీసుకుపోతానన్నాను. "తల్లిగారింటికి తోల్కపోతున్నవా?" అని అడిగింది. ఔనన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. మళ్లీ పంపేది లేదని తెలుసు. మౌలాబీ మేరమ్మకు జరీ పేలిక కట్టి, ఒళ్లో నాలుగు పుట్నాలు పోసి నా చేతిలో పెట్టింది. "సారెతోటి తోలియ్యి వియ్యపురాలా" అంది. క్రిస్మస్ లోపే నాన్నకు కాజీపేట బదిలీ అయింది. పోయేముందు ఆ ఇంటి వైపు చూడకుండా బండెక్కాను. అప్పటినుంచీ నేను కాజీపేటలోనే ఉన్నాను. ఆ అబద్ధం కూడా నాతోనే ఉంది. నూట ముప్పై కిలోమీటర్ల దూరం వెనక్కి వెళ్లడానికి నాకు అరవై ఏడేళ్లు పట్టింది. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు సికింద్రాబాద్ వెళ్లకపోలేదు. ఆ సందు వైపు మాత్రం కాళ్లు రాలేదు.

మేరమ్మను వియ్యపురాలి చేతిలో పెట్టి, అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఇదే నా పని. పోయిన గురువారం ఉదయం ఆరున్నర దాటాక కాజీపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కూర్చునే సీటుకు తొంభై రూపాయల లోపే. కుడివైపు కిటికీ దొరికితే జనగామ దాటేదాకా ఎండ మొహం మీద పడదు. తొమ్మిదింబావుకు సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ, చాయ్ కలిపి నలభై ఐదు. అక్కడి నుంచి రెజిమెంటల్ బజారుకు నడక చాలు, నా నడకకు పావుగంట, మీకు ఏడెనిమిది నిమిషాలు. బొమ్మను చేతిసంచిలో తువ్వాలులో చుట్టి పెట్టుకున్నాను.

సందు అలాగే ఉంది, కానీ ఇళ్లు పైకి లేచాయి. మా ఇల్లు ఉన్నచోట మూడంతస్తులు, కింద జిరాక్స్ దుకాణం. ఖాసిం కాక కొట్టం ఉన్నచోట సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. విల్లు చప్పుడు ఉండేచోట పాట మోగుతోంది. నేను అక్కడ నిలబడి ఏమైనా గుర్తు దొరుకుతుందా అని నేలకేసి చూశాను. ఏమీ లేదు. సందు మొదట్లో పరుపులు, దిండ్లు అమ్మే ముసలాయన కనిపిస్తే అడిగాను.

"ఖాసిం సాబా? దూదేకే ఖాసిం సాబ్?" అని ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఆయన పోయి మస్తు ఏండ్లాయె. గీడ కిరాయిలు పెరిగినయని బిడ్డ, అల్లుడు బోయిన్‌పల్లి పోయిన్రు. మార్కెట్ ఎన్కకు పొండ్రి, ఇంటి ముందట దూది మిషన్ ఉంటది. హలీమా ఇల్లేదంటే ఎవరన్న చెప్తరు. ఖాసిం సాబ్ మనుమరాలు."

"బిడ్డ ఉందా? మౌలాబీ?"

"అదైతే నాకు తెల్వదమ్మా. మా రాకపోకలు బందయి చాన దినాలాయె."

అప్పటికి టైము పది. నేరుగా ఆటో ఎక్కవలసింది. ఎక్కలేదు. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను బజారు చేస్తాను, అది నా అలవాటు. సారె లేకుండా ఎలా వెళ్తానని నాకు నేనే చెప్పుకుని మోండా మార్కెట్ వైపు నడిచాను.

చిన్నప్పటి తిళ్లు వెతుక్కోవాలని వచ్చేవాళ్లకు మోండా ఇప్పటికీ మంచి చోటే. లోపలి వరుసల్లో పుట్నాలు, మరమరాలు వేయించే భట్టీ ఒకటి ఇంకా నడుస్తోంది. వేడి ఇసుకలో శనగలు చిటపటమంటుంటే ఆ వాసనకే నా కళ్లు చెమర్చాయి. పావుకిలో పుట్నాలు ముప్పై ఐదు. బెల్లం అచ్చు ఇరవై. పల్లిపట్టీలు డజను అరవై. నువ్వుల జీడీలు అడిగితే భట్టీ దగ్గర కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"జీడీలు ఇప్పుడెవరు తింటున్నరమ్మా. పండ్లు పాడైతయని తల్లులు కొనియ్యరు. పొద్దుగాల జెరన్ని చేస్త, గంతే. నీకు పండ్లున్నయా?"

"నాకు కాదు. మా వియ్యపురాలికి."

"ఆమెకున్నయా?"

మిగిలిన తొమ్మిది జీడీలూ తీసుకున్నాను, అన్నీ కలిపి నలభై ఐదు. కచ్చకాయలు ఆటవస్తువుల దుకాణాల్లో దొరకలేదు, అక్కడన్నీ బ్యాటరీ బొమ్మలే. చివరికి మూలికలు అమ్మే దుకాణంలో సీసాలో కనిపించాయి. కడుపునొప్పికి మందట. "ఎన్ని కావాలె, ఎట్ల వాడాల్నో తెలుసా?" అని దుకాణదారు అడిగాడు. ఎగరేసి పట్టుకోవాలన్నాను. ఆయన నవ్వలేదు. ఐదు గింజలకు పది రూపాయలు తీసుకున్నాడు. పీచు మిఠాయి బండి కూడా కనిపించింది గానీ, బోయిన్‌పల్లి చేరేలోపు అది నీరవుతుందని ఊరుకున్నాను. మా రోజుల్లో దాన్ని బుడ్డీకే బాల్, అంటే ముసలమ్మ జుట్టు, అనేవాళ్లం. వాళ్ల నాన్న దూదికి పాకం పోస్తే అదే అవుతుందని మౌలాబీ నన్ను నమ్మించింది. ఒకసారి నమ్మి దూది నమిలాను కూడా.

ఇదంతా అయ్యేసరికి పన్నెండు కావచ్చింది. ఆటోకు నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. తాడ్‌బండ్ మీదుగా వెళ్తే పావుగంట, మార్కెట్ లారీలు అడ్డం పడితే అరగంట. అతను అద్దంలోంచి నా పొట్లాలు చూశాడు.

"ఏందమ్మా గివన్ని? పెండ్లికా?"

"పెళ్లి ఎప్పుడో అయింది బాబూ. సారె."

"బిడ్డ ఆడ ఉందా?"

ఉందన్నాను. ఈసారి అది అబద్ధమో నిజమో నాకే తెలియదు. "అయితే సీదా ఇంటి ముందట్నే దింపుత. సారెతోని నడుసుకుంట పోతరా ఎవరన్న" అని అతను మార్కెట్ వెనక సందుల్లోకి తిప్పి, ఇద్దరిని అడిగి, ఒక రేకుల షెడ్డు ముందు ఆపాడు. పైన ఇంకేమీ అడగలేదు.

షెడ్డులో దూది మిషను హోరుమంటోంది. యాభై ఐదేళ్ల మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకుని దాన్లోకి పాత దూది తోస్తోంది. కనుబొమ్మల మీద, జుట్టు మీద తెల్లటి పొడి. ఆ కనుబొమ్మలు నాకు తెలుసు. నన్ను చూసి మిషను ఆపింది. పరుపా, దిండ్లా అని అడిగింది. నేను ఎస్తేరునని, రెజిమెంటల్ బజారులో మీ అమ్మకు ఎదురింటిదాన్నని చెప్పాను. హలీమా ముఖం మీది గుడ్డ తీసి, నా చేతిలో పొట్లాలు అందుకుని, లోపలికి రమ్మంది. చాప వేసింది. నీళ్లిచ్చింది. నేను నాలుగు వైపులా చూస్తున్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

"అమ్మ పోయిన రంజాన్ ముంగట పోయింది పెద్దమ్మా" అంది హలీమా. "జరం వచ్చి నాలుగు దినాలల్ల పోయింది. ఎక్కువ తక్లీఫ్ పడలే."

ఏడాది కూడా కాలేదు. అరవై ఆరేళ్లు ఊరుకుని, ఆ ఒక్క ఏడాదికి ఆలస్యం చేశాను. నాకు ఏడుపు రాలేదు. ఎవరికి చెప్పాలని దాచుకుని వచ్చానో ఆ మనిషి లేదు. ఇంక ఎవరికి చెప్పినా ఒకటేనని హలీమాకే చెప్పేశాను. తువ్వాలు విప్పి బొమ్మను చాప మీద పెట్టి, ఆ రోజు పుట్టింటికని అబద్ధమాడి తీసుకుపోయానని, పంపేది లేదని తెలిసే తీసుకుపోయానని, మీ అమ్మ నమ్మి ఒళ్లో పుట్నాలు పోసిందని చెప్పాను.

హలీమా బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "మేరమ్మ గదా" అంది. పేరు తెలుసు. "మా చిన్నప్పుడు మేం ఏ బొమ్మతోని ఆడినా అమ్మ చెప్తుండె. మనింటి పెద్దకోడలు తల్లిగారింటికి పోయింది, వస్తది అని. గానీ పెద్దమ్మా, అమ్మ నమ్మలే."

"ఏమిటి?"

"నువ్వు జల్లెడ వాపస్ తెచ్చినవంట గదా. కడిగి. అది జూడంగనే ఇగ రాకపోకలు బందని అమ్మకు సమజైందంట. నువ్వు పిల్లను తీస్కపోత అని తలకాయ కిందికేసుకున్నవంట. పంపనని నీతోని అనిపిస్తే ఇద్దరు ఏడుస్తరు. అందుకే తల్లిగారింటికా అని తనే అడిగిందంట. నువ్వు ఔనన్నవు. నవ్వుకుంట సాగనంపిందంట."

ఆ మాట నేను అనలేదు. ఔను, నేను అనలేదు. పుట్టిల్లు అన్న మాట ముందు మౌలాబీ నోటినుంచే వచ్చింది. అరవై ఏడేళ్లు నేను ఆ అబద్ధం నాదనుకుని మోశాను. తొమ్మిదేళ్ల పిల్ల, ఇంట్లో పారిపోయి వచ్చిన చుట్టాలు, బయట భయం, ఆ మధ్యలో నిలబడి నా కోసం ఒక అబద్ధం వెతికి నా చేతికిచ్చింది. నేను అది పట్టుకుని వచ్చేశాను. అప్పుడు ఏడ్చాను. హలీమా లేచి వెళ్లి కంచంలో అన్నం, టమాటా కూర, పచ్చిపులుసు తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను. ఎస్తేరు వస్తే ఏమడగకుర్రి, ముందుగాల అన్నం పెట్టుర్రి అన్నది అమ్మ."

తిన్నాను. తిన్నాక బాబ్జాన్ ఏమయ్యాడని అడిగాను. బట్ట చినిగి పోగులైపోయిందట. కానీ దూదేకేవాళ్ల ఇంట్లో దూది పారేయరు. పాతదాన్ని మళ్లీ ఏకి కొత్తదాంట్లో కలుపుతారు. మౌలాబీ ఆ గుప్పెడు దూదిని ఏకి తన దిండులో కలుపుకుంది. దిండు మారినప్పుడల్లా ఆ దూదీ మారి వచ్చింది. హలీమా మంచం మీది దిండు తెచ్చి, మూల విప్పి, లోపలి నుంచి చిటికెడు దూది తీసింది. మేరమ్మ చంకలో విడిపోయిన కుట్టులోంచి దాన్ని లోపలికి తోసి, సూది దారంతో కుట్టేసింది. నేను సారె పొట్లాలు విప్పి హలీమా కొంగులో పోశాను. పుట్నాలు, బెల్లం, పల్లిపట్టీలు, జీడీలు, ఐదు కచ్చకాయలు. మేరమ్మను దిండు మీద పడుకోబెట్టి, ఒట్టి సంచితో లేచాను. సాయంత్రం నాలుగున్నర బండికి కాజీపేట తిరిగొచ్చాను.

చిన్ననాటి ఆటలు, తిళ్లు తలుచుకుంటే తియ్యగా ఉంటుందని అందరూ అంటారు. నేనూ తరగతిలో పిల్లలతో అలాగే చెప్పేదాన్ని. నాకైతే ఆ జీడి దవడకు అతుక్కుని ఇన్నేళ్లూ మాట రానివ్వలేదు. ఆ సందులో ఎవరు ఎవరికి ఏం చేశారో పెద్దవాళ్లు చాలా చెప్పుకున్నారు. మౌలాబీ చేసింది మాత్రం ఎవరూ చెప్పుకోలేదు, నాకే తెలియలేదు. పెట్టెలో చీరల అడుగున ఇప్పుడు ఖాళీగా ఉంది. రోజూ ఒకసారి చెయ్యి పెట్టి చూస్తున్నాను. పుట్టింట్లో పిల్ల లేకపోతే ఇలాగే ఉంటుంది కాబోలు.

మీరూ ఇలాంటి పని మీద సికింద్రాబాద్ వెళ్లేటట్లయితే ఒక్కమాట. మోండాలో భట్టీ సాయంత్రం దాకా ఉంటుంది, పుట్నాలెక్కడికీ పోవు. నాలాగా సగం పూట బజార్లో తిరగకండి. బండి దిగగానే ముందు మనిషి దగ్గరికి వెళ్లండి, జీడీలు తర్వాత కొనుక్కోవచ్చు.